గానుగ సున్నం కట్టిన పట్నం

ఆ మొద్దు జర ముందుకు నూకు బిడ్డా, పొగంత నా మొకం మీదికే వస్తుంది. ఆఁ, చాలు. ఏమడిగినవ్ రా నువ్వు? హైకోర్టు ఎవలు కట్టిండ్రనా? మీ సారు ఏం చెప్పిండో గానీ, నిజాం కట్టిండు అంటే ఒక్క ముక్కల అయిపోతది. నిజాం తాపీ వట్టలేదు, సున్నం నూరలేదు. మా తాత వట్టిండు. మా నాయిన పోరగానిగున్నప్పుడు గానుగ ఎడ్లెనుక తిరిగిండు. నేను ఆ వరుసల ఆఖరోన్ని. నా చేతికి తాపీ వచ్చేటాల్లకు సున్నం పోయి సిమెంటు వచ్చింది.

పట్నం కట్టుడు ముచ్చట చెప్పాల్నంటే ముందుగాల పట్నం మునిగిన ముచ్చట చెప్పాలె. 1908, సెప్టెంబర్ 28. మూసీ పొంగింది. మా నాయినమ్మ బతికున్నన్ని దినాలు దేనికైనా అదే లెక్క. ఎవలి పెండ్లైనా, ఎవలి సావైనా "తుగ్యానీకి ముందుగాల", "తుగ్యానీ అయినంక" అంటుండె, తుగ్యానీ అంటే ఆ వరదే. ఆమె తల్లిగారిల్లు ఏటొడ్డున ఉండెనట, తెల్లారేటాల్లకు ఇల్లు లేదు, ఇల్లున్న జాగ కూడ లేదు. పదిహేను వేల మంది దాక పోయిండ్రని చెప్తరు. అమ్జద్ హైదరాబాదీ అని పెద్ద ఉర్దూ కవి ఉండె. ఆయన తల్లి, భార్య, బిడ్డ ముగ్గురూ ఆ నీళ్లల్లనే పోయిండ్రు, ఆయనొక్కడు బయటవడ్డడు. ఇప్పుడు ఉస్మానియా దవాఖాన ఉన్న జాగల ఒక చింతచెట్టు ఉన్నది. దాని కొమ్మలు వట్టుకొని నూటయాభై మంది దాక బతికిండ్రు. దవాఖానకు పోతే చూడండ్రి, ఇంక ఉన్నది ఆ చెట్టు.

అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన, మూడూ తెగినయ్. 1578ల కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ మాత్రం నిలవడ్డది. కొత్తయి పోయి పాతది మిగిలింది. మా తాత ఈ మాట చెప్పినప్పుడల్ల మీసం దువ్వుకుంటుండెనట, ఆ పూల్ తానే కట్టినట్టు.

మరుసటేడు మైసూరుకెల్లి విశ్వేశ్వరయ్య వచ్చిండు. నీళ్లు పట్నంల ఆపితే ఆగవు, పైనే ఆపాలె అన్నడు. ఆయన చెప్పినట్టే గండిపేట చెరువు 1920ల, హిమాయత్‌సాగర్ 1927ల అయినయ్. ఈ నడుమనే పాత పాదుషా మహబూబ్ అలీ పాషా పోయి, 1911ల కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిండు. వరద అయినంక ప్లేగు. ఇరుకు గల్లీలు, మురికి గుంటలు, ఎలుకలు. ఇట్ల కాదని 1912ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వెట్టిండ్రు. ఉర్దూల అరాయిష్-ఎ-బల్దా అంటుండె. అగో, గప్పుడు మొదలైంది పట్నం కట్టుడు. ఆ ముప్పై ఏండ్లల్ల కట్టినంత ఈ పట్నంల అంతకు ముందు మూడు వందల ఏండ్లల్ల కట్టలేదేమో అనిపిస్తది నాకు. మా ఇంట్ల మూడు తరాల బువ్వ అండ్లకెల్లే వచ్చింది. ఒక్క మా ఇల్లే కాదు. రాళ్లు కొట్టే వడ్డెరోళ్లు, సున్నం కాల్చేటోళ్లు, కట్టెపని చేసే వడ్లోళ్లు, బండ్లు తోలేటోళ్లు, పాలమూరుకెల్లి కైకిలికొచ్చినోళ్లు, అందరికీ పనే పని.

పత్తర్‌గట్టి చూసిండ్రు గద? మదీనా కాడికెల్లి చార్మినార్ దిక్కు పోతుంటే రోడ్డుకు రెండు పక్కల రాతి కమాన్లు. కింద మడిగెలు, మీద ఇండ్లు. ముత్యాలు కొననీకి పోతరు మీరు. ఆ కమాన్లు ఎప్పుడన్న చూసిండ్రా? ఈసారి పోతే ఒక్క కంబం కాడ నిలవడి చెయ్యి వెట్టి చూడండ్రి. దూరంకెల్లి నున్నగ కనవడతది గానీ దగ్గర్కి పోతే ఉలి దెబ్బలు వరుసగ ఉంటయ్, అన్ని ఒక్క దిక్కే వాలినట్టు. ఒక్క మనిషి ఒక్క రాయి చెక్కినట్టు గుర్తు వడతది. రాయికీ రాయికీ నడుమ అతుకుల గోరు దూరదు. ఆ రాయి దూరంకెల్లి తేలేదు, ఈ పట్నం చుట్టున్న గుట్టలదే. సమ్మెటతోని బాదితే రాయి ముక్కలైతది, పని కాదు. గీత గీసి, గీత వెంబడి చిన్న చిన్న బొక్కలు తొలిచి, ఇనుప మేకులు దించి, ఈ కొసకెల్లి ఆ కొస దాక ఒక్కోటి మెల్లగ కొడుతపోవాలె. ఒక్కసారి టక్కుమని రాయి సాపుగ పలుగుతది. ఆ సప్పుడు తెలిసినోడే పనోడు.

ఇంకో ముచ్చట కూడ చెప్పాలె, ఇది మీ పుస్తకాలల్ల ఉండదు. పత్తర్‌గట్టి ఖాళీ జాగల లేవలేదు. ఆ రోడ్డు వెడల్పు చెయ్యనీకి ఎన్ని పాత ఇండ్లు పోయినయో, ఎన్ని గల్లీలు పోయినయో. ఇప్పుడు మనం "అయ్యో పాత పట్నం కూలగొడ్తున్నరు" అని ఏడుస్తున్న కట్టడాలు కూడ ఒకప్పుడు ఇంకోటి కూలగొట్టి లేపినయే. బోర్డోళ్లు ఇండ్లు తీసిండ్రు, నిజమే. గానీ మల్లేపల్లి అసొంటి కాడ బీదోళ్లకు కొత్త క్వార్టర్లు కూడ కట్టిండ్రు, నల్లాలు ఇచ్చిండ్రు, మోరీలు తవ్విండ్రు. తీసిన కాడ అంతకన్న మంచిది వెట్టిండ్రు. నాకు కూలగొట్టుడు మీద కోపం లేదు రా. కూలగొట్టిన కాడ ఏం లేపుతున్నరనేదే నా తకరారు.

ఇగ సున్నం ముచ్చట చెప్త. సున్నపురాయి బట్టిల కాలుస్తరు. నీళ్లు వోస్తే బుసబుస పొంగి పిండైతది. దాన్ని అట్లనే నానవెట్టాలె. గానుగ అంటే గుండ్రంగ రాతితోని కట్టిన కాల్వ, అండ్ల పెద్ద రాతి గిర్ర, గిర్రకు కాడి, కాడికి ఎడ్లు. సున్నం, ఇసుక, ఇటుకపొడి ఏసి తిప్పుడే తిప్పుడు. బెల్లం నానిన నీళ్లు, కరక్కాయ నానవెట్టిన నీళ్లు మీదికెల్లి వోస్తుంటరు. మా నాయిన చిన్నప్పుడు ఆ గానుగ ఎడ్లెనుకనే తిరిగిండు. మా తాత వచ్చి చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రాకి చూస్తుండెనట. ఇసుక పలుకు తాకితే ఇంకో సుట్టు తిప్పుమంటుండె. "ఇంకెన్ని సుట్లు నాయినా" అని మా నాయిన అడిగితే "అది ఎన్నపూస తీరుగ అయ్యేదాక" అంటుండెనట. ఇగ మెరుపు గచ్చుకైతే కోడిగుడ్డు తెల్లసొన కూడ కలుపుతుండె. నవ్వకండ్రి, నిజం! అసొంటి గోడ మీద చెయ్యి వెడితే ఎండకాలం కూడ సల్లగుంటది.

ఈ సున్నానికి ఒక గుణమున్నది. ఒక్క దినంల గట్టిపడదు. గాలి వీల్చుకుంట ఏండ్లకు ఏండ్లు గట్టిపడుతనే ఉంటది. ఎండకు రాయి ఉబ్బినా, చలికి ముడుసుకున్నా తను కూడ జర జరిగి సర్దుకుంటది. తడి లోపట్కి పోయినా మల్ల బయటికి ఎల్లనిస్తది. సిమెంటు అట్ల గాదు, బిర్రగ వట్టుకుంటది, తడిని లోపలే బంధిస్తది. సున్నపు గోడ మీద సిమెంటు పూత కొడితే ఆ గోడకు సావు రాసిచ్చినట్టే. ఈ ఒక్క మాట యాదివెట్టుకోండ్రి, తర్వాత పనికొస్తది.

హైకోర్టు ముచ్చటకొస్త. 1914ల విన్సెంట్ ఎష్ అనే తెల్లదొర వచ్చిండు. కలకత్తల విక్టోరియా మెమోరియల్ కట్టేటప్పుడు పనిచేసినోడు. మూసీ ఒడ్డున హైకోర్టు, దాని పక్కన ఇప్పటి సిటీ కాలేజ్, అవుతలి ఒడ్డున ఉస్మానియా దవాఖాన, ఇటు కాచిగూడ టేషన్, అన్ని ఆయన చేతులకెల్లి పోయినయే. హైకోర్టు నక్షకు జైపూరుకెల్లి శంకర్‌లాల్ అనే ఆయన కూడ ఉండె. 1920ల తెరిచిండ్రు. ఏరు మింగిన కాడనే ఏటి దిక్కు మొకం వెట్టి ఇంతింత గుమ్మటాలు లేపుడంటే ఎంత గుండెధైర్యం! కాచిగూడ టేషన్ 1916ల అయింది. అండ్ల కాంక్రీటు వాడిండ్రు. ఊరంత సున్నం నూరుతుంటే సిమెంటు అప్పుడే ఒక కాలు లోపల వెట్టిందన్నట్టు.

మా తాత హైకోర్టుల చేసింది కమాన్ల పని. కమాను కింద ముందుగాల కట్టె సాంచా నిలవెడతరు, దాని మీద రెండు దిక్కులకెల్లి రాళ్లు పేర్చుకుంట వస్తరు, నట్టనడుమ నెత్తిరాయి దించుతరు. సాంచా ఎప్పుడు తియ్యాలెనో చెప్పేది మేస్త్రి. అది తీసేటప్పుడు కింద మేస్త్రే నిలవడాలె, వేరేటోన్ని నిలవెట్టొద్దు. మా తాత నిలవడ్డడు. నేనూ ఈడ కూసున్న గద, అంటే కమాను వడలేదన్నట్టే.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజ్ వేరే కథ, అప్పట్ల అది పట్నం బయట. దాని కోసం ఇద్దరు ఇంజినీర్లను దేశదేశాలు తిప్పి కాలేజీలు చూపిచ్చిండ్రు. 1939ల అయింది. ఇగ 1935ల మొజంజాహీ మార్కెట్. నిజాం రెండో కొడుకు మొజం జా పేరు వెట్టిండ్రు. బోర్డుకు పెద్ద కూడ ఆయనే ఉండె. మూల మీద గడియారం బురుజు, రెండు రెక్కలు ఇప్పినట్టు రాతి మడిగెలు, నడుమ పెద్ద ఆవరణ. పండ్లు, పూలు, అత్తర్లు. మా నాయిన దసరాకు ఆడికెల్లి మామిడాకులు, బంతిపూలు తెస్తుండె, తెచ్చినప్పుడల్ల "ఆ మూల కమాను నాది" అంటుండె. అన్ని కమాన్లూ మావోల్లయే, ఏం చెప్పాలె ఇగ!

నా చిన్నప్పుడు ఆబిడ్స్ అంటే అదొక లోకం. మహబూబ్ పాషా కాడ కొలువుజేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన దుకాణం వెట్టినందుకు ఆ జాగకు ఆ పేరు. ప్యాలెస్ టాకీస్, సాగర్ టాకీస్, జమర్రుద్ మహల్, నేను చూడని సినిమా లేదు. అంటే లోపల కూసొని చూసినయి తక్వే. ఎక్వ బయట నిలవడి బొమ్మలు చూసినయే. ఓరియంట్ హోటల్ల మఖ్దూం మొహియుద్దీన్ అసొంటి కవులు చాయ్ తాగుకుంట లోకాన్ని తిర్గేస్తుండె. ఆ హోటల్ లేదు, ఆ టాకీసులు లేవు. అద్దాల మాలులొచ్చినయ్. పోతే పోయినయ్ గానీ, ఆ అద్దాల మీద నా మొకమే నాకు కనవడతది, లోపలేమున్నదో కనవడదు.

దేవిడీల ముచ్చట చెప్పకుంటే ఇది అసలు ముచ్చటే గాదు. నవాబుల ఇండ్లు. ఒక్కో దేవిడీ ఒక్కో ఊరంత. పెద్ద దర్వాజ, నౌబత్‌ఖాన, మర్దాన, జనాన, నడుమ హౌజు, చుట్టు గచ్చుపూల కంబాలు. వానకాలం ముందు మా నాయినకు దేవిడీలకెల్లి పిలుపొస్తుండె, మిద్దెల మీద గచ్చు తిర్గెయ్యనీకి. నేను కూడ పోతుండె. పెద్దపెద్ద టేకు దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద ఇటుక పేర్చి, మీదికెల్లి సున్నం మందంగ పోస్తుండె. ఆడోళ్లు వరుసకట్టి కూసొని చిన్న కట్టె పలకలతోని దాన్ని కొడుతనే ఉంటరు. ఒక దినం గాదు, రెండు దినాలు గాదు. పాట పాడుకుంట, సప్పుడుకు సప్పుడు కలుపుకుంట, బెల్లం నీళ్లు సల్లుకుంట. కొట్టంగ కొట్టంగ అండ్ల పొక్కలు మూసుకపోయి నీళ్లు వడితే జారిపోయేటట్టు అయితది. అయితే ఇది ఒక్కసారి చేసి ఇడిసిపెట్టే పని గాదు. కొన్నేండ్లకోసారి మల్ల చూస్తుండాలె. ఎండకు చిన్న పర్రె వడితే అప్పుడే పూడ్చాలె. తూములల్ల ఆకులు వడితే అప్పుడే తియ్యాలె.

1948ల పోలీస్ యాక్షన్. మరుసటేడు నవాబుల జాగీర్లు రద్దయినయ్. ఊర్లల్ల రైతులకు అది ఎంత మేలో నాకు ఎర్కే, మా మేనమామలోల్లంత జాగీర్ల కింద నలిగినోళ్లే. గానీ పట్నంల దాని దెబ్బ యాడ తగిలిందో తెలుసా? మిద్దెల మీద. జాగీర్ పైసలు ఆగినయ్, గచ్చు తిర్గేసుడు ఆగింది. మా నాయినకు పిలుపులు తక్వైనయ్. ఒకేడు వద్దన్నరు, రెండోయేడు చూద్దామన్నరు. మూడోయేడు మిద్దె ఉరువవట్టింది. ఉరిసిన నీళ్లు దూలం కొసకు దిగినయ్, కొస చీకింది. గోడల పర్రెల రావిమొక్క మొలిచింది. అన్నదమ్ములు పంచుకున్నరు, నడుమ అడ్డగోడలు లేపిండ్రు, ముందటి కమాన్లల్ల షెట్టర్లు దించి కిరాయికిచ్చిండ్రు. అటెనుక ఎవలో వచ్చి "శిథిలమైంది, ప్రమాదం" అని కాయితం అతికిచ్చిండ్రు. అటెనుక గడ్డపార. మనకు గడ్డపారే కనవడ్డది. ఆ ఇల్లు అంతకు ముందే పోయింది, మిద్దె మీది నీళ్లకు.

దివాన్ దేవిడీ చూస్తే తెలుస్తుండె. పత్తర్‌గట్టి పక్కనే, సాలార్‌జంగ్ నవాబులది. మూడో సాలార్‌జంగ్ 1949ల పోయిండు, పెండ్లీ లేదు, పిల్లలూ లేరు. ఆయన కూడవెట్టిన సామానంత ఆ దేవిడీలనే వెట్టి, 1951 డిసెంబర్‌ల నెహ్రూ వచ్చి మ్యూజియం తెరిచిండు. మీరు చూసే మ్యూజియం గాదు, ఇది పాతది. మా నాయిన ఏలు వట్టుకొని పోయిన నేను. ఆయినాఖాన అని అద్దాల మహల్ ఉండె అండ్ల. మా నాయిన ఆ అద్దాలు చూడలేదు, మెడ మీదికెత్తి మిద్దె మూల చూసిండు. "ఆడ ఉరుస్తుంది" అన్నడు. గంతే. 1968ల సామానంత మూసీ ఒడ్డున కొత్త బిల్డింగ్‌కు పోయింది. సామాను పోయినంక దేవిడీని చూసేటోడెవడు? ఇప్పుడు ఆడ అంత బజారే, పెద్ద దర్వాజలు మాత్రం మిగిలినయ్. బట్టల కోసం పోయేటప్పుడు ఆ దర్వాజ కిందికెల్లే పోతరు మీరు. బషీర్‌బాగ్ కూడ అంతే. ఆస్మాన్‌జా మహల్ ఉండె ఆడ, ఇప్పుడు బస్సు మీద పేరుంటది, మహల్ లేదు.

సెక్రటేరియట్ ముచ్చట నవ్వొస్తది. సైఫాబాద్‌ల మహబూబ్ పాషా 1888ల మహల్ కట్టిచ్చుకున్నడు. పాషా పోతుంటే ఉడుము అడ్డమొచ్చిందట, అపశకునమని ఆయన అండ్ల ఉండలేదు, దఫ్తర్లకు ఇచ్చేసిండు అని చెప్తరు. మనం జీ బ్లాక్ అంటుంటిమి. ఎందరు ముఖ్యమంత్రులు, ఎన్ని ఫైళ్లు! 2020 జూలైల కూలగొట్టిండ్రు, 2023ల కొత్తది తెరిచిండ్రు. ఉడుముకు భయపడి పాషా ఇడిసిపెట్టిన మహల్ అన్నేండ్లు నిలవడి, భయం లేనోళ్ల చేతుల పోయింది. ఇర్రం మంజిల్‌ది కూడ అట్లనే అవుతుండె. ఆ పాత మహల్ కూలగొట్టి ఆడ అసెంబ్లీ కడ్తమన్నరు. జనం కోర్టుకు పోయిండ్రు, 2019 సెప్టెంబర్‌ల హైకోర్టు ఆపింది. పాత కట్టడాన్ని కాపాడిన తీర్పు ఇంకో పాత కట్టడంలకెల్లే వచ్చింది. ఆ దినం మా తాత కమాను యాదికొచ్చింది నాకు.

అంత సెడ్డగనే చెప్తలేను. మొజంజాహీ మార్కెట్ మల్ల బాగు చేసిండ్రు గద, చిందరవందర షెడ్లు తీసి, రాళ్లు కడిగి, సున్నంతోనే. కోఠిల రెసిడెన్సీ కూడ మంచిగ చేసిండ్రు. చెయ్యాల్నంటే అయితది. మా కాలం మేస్త్రులు లేకున్నా, చదువుకున్న పోరలు నేర్చుకుంటుండ్రు. ఒకలిద్దరు నా కాడికొచ్చి బెల్లం ఎంత, కరక్కాయ ఎంత అని కాయితం మీద రాసుకొని పోయిండ్రు. చెప్పిన. గానీ ఏళ్ల నడుమ రాకి చూసుడు కాయితం మీద ఎట్ల రాస్తరు?

ఇగ ఉస్మానియా దవాఖాన. 2020 వానకాలం నీళ్లు వార్డులకు వచ్చినయ్, టీవీల చూసి ఉంటరు. పాత బిల్డింగ్ ఖాళీ చేసిండ్రు. కొత్త దవాఖానకు 2025 జనవరిల గోషామహల్‌ల పునాదిరాయి వడ్డది. మంచిదే, రోగులకు మంచి దవాఖాన కావాలె, దానికెవడూ అడ్డంగాడు. ఆ పాతదాన్ని ఏం చెయ్యాలె అంటవా? నన్ను అడుగుతే ముందుగాల మిద్దె ఎక్కాలె. గుమ్మటాల మీద, గోడ అతుకులల్ల మొలిచిన రావిమొక్కలు చూడాలె. మీదికెల్లి పీకి సంబురపడొద్దు, ఏరు లోపలే ఉంటది, మల్ల మొలుస్తది. అతుకు ఇప్పాలె, ఏరు మొత్తం తియ్యాలె, మల్ల సున్నం దట్టియ్యాలె. తూములు అన్ని ఒక్కోటి నీళ్లు వోసి చూడాలె, నీళ్లు ఎటు పోతున్నయో. నడుమల ఎవడో కొట్టిన సిమెంటు పూత ఉంటది, అదంత మెల్లగ గీకెయ్యాలె, గోడను ఒక ఎండకాలం ఆరనియ్యాలె. అప్పుడు గచ్చు.

గానుగ ఇప్పుడు యాడ దొరుకుతదంటవా? ఎందుకు దొరకదు రా! చార్మినార్ మీద చిన్న ముక్క రాలినా సున్నంతోనే అతుకుతరు ఇప్పటికీ. ఆడికి పో, పనోళ్లను అడుగు, సున్నం యాడికెల్లి తెస్తున్నరో చెప్తరు. జర చిటికెడు నా కోసం కూడ తీస్కరా, పలుకు తగుల్తదో లేదో చూస్త.